నామం వెంట తుమున్నంతం: ఇంగ్లీషు వ్యాకరణంలోని ఒక నిర్మాణం, తెలుగు వ్యాకరణ చరిత్రలో దాని జాడ – రాయచోటి ప్రాంత పలుకుబడి ఆధారంగా

వ్యాససంగ్రహం:

ఇంగ్లీషులో కొన్ని నామవాచకాల తరువాత 'టు'తో కూడిన క్రియారూపం వస్తుంది. ఈ నిర్మాణాన్ని మన బడుల్లో '-ఉటకు' అనే రూపానికి సమానంగా చెప్పడం పరిపాటి. 19వ శతాబ్దంలో దత్తమండలంతో సంబంధమున్న ఇంగ్లీషు అధికారులు రాసిన తెలుగు వ్యాకరణాల నుంచి 20వ శతాబ్దపు పాఠశాల వ్యాకరణాల వరకు ఈ సమీకరణం నడచిన దారిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నామానికి తుమున్నంతాన్ని నేరుగా చేర్చే పద్ధతి తెలుగులోనూ ఉన్నదనీ, వ్యాకరణాల విభజన వల్ల అది మరుగున పడిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తుమున్నర్థకం, ధాతుజ విశేషణం, దత్తమండలం, సి.పి. బ్రౌన్, ఎ.డి. క్యాంబెల్, రాయలసీమ మాండలికం, దక్కనీ ఉర్దూ.

1. ప్రవేశిక:

'టైమ్ టు గో', 'డెసిషన్ టు సెల్', 'అటెంప్ట్ టు ఎస్కేప్', 'పర్మిషన్ టు స్పీక్' – ఇవన్నీ ఇంగ్లీషులో సాధువులు. నామవాచకం ముందు నిలుస్తుంది, దాని వెంట తుమున్నంతం వస్తుంది. అయితే అన్ని నామవాచకాలూ ఈ రూపాన్ని అంగీకరించవు. 'హ్యాబిట్' అనే మాట తరువాత 'టు స్మోక్' అనరు, 'ఆఫ్ స్మోకింగ్' అంటారు. 'పాసిబిలిటీ', 'రిస్క్' అనే మాటలూ ఈ రెండవ వర్గానివే. 'ఛాన్స్' వంటి మాటలు రెండింటినీ అంగీకరిస్తాయి గాని అర్థం మారుతుంది. 'ఛాన్స్ టు విన్' అంటే గెలవడానికి చిక్కిన వీలు. 'ఛాన్స్ ఆఫ్ విన్నింగ్' అంటే గెలుపు ఎంతవరకు సంభవమన్న అంచనా.

తెలుగువారికి ఇక్కడే చిక్కు వస్తుంది. మాట్లాడే హక్కు, పొగతాగే అలవాటు, పడిపోయే ప్రమాదం, గెలిచే అవకాశం – ఈ నాలుగింటికీ మనకు రూపం ఒక్కటే. ధాతుజ విశేషణం ముందు, నామం తరువాత. ఇంగ్లీషు రెండుగా చీల్చిన చోట తెలుగు చీల్చదు. కాబట్టి తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి 'హ్యాబిట్ టు స్మోక్' అని రాసినప్పుడు అది అజాగ్రత్త వల్ల దొర్లిన తప్పు కాదు. అతని భాషలో ఒకటిగా ఉన్నదాన్ని ఇంగ్లీషులోనూ ఒకటిగానే ఉంచాడు. ఆ తప్పుకు మూలం చూపకుండా ఎర్రసిరాతో కొట్టివేయడం బోధన కాదని నా అభిప్రాయం. మూలం చూపాలంటే రెండు భాషల వ్యాకరణ చరిత్రలోకి కొంత దూరం వెళ్ళక తప్పదు.

2. 'టు' ఎక్కడిది? 'తుమ్' ఎక్కడిది?

నేటి ఇంగ్లీషులోని 'టు గో' మొదట రెండు వేర్వేరు రూపాల కలయిక. ప్రాచీన ఇంగ్లీషులో '-అన్' చివర గల మామూలు తుమున్నంతం ఒకటి ఉండేది. దానితోపాటు 'టు' అనే విభక్త్యవ్యయం తరువాత వచ్చే చతుర్థీరూపం మరొకటి ఉండేది. కాలక్రమంలో ప్రత్యయాలు అరిగిపోయాయి. 'టు' మాత్రం మిగిలి, తుమున్నంతానికి గుర్తుగా స్థిరపడింది. అంటే 'టైమ్ టు గో' అనే పదబంధం పుట్టుకలో 'పోవుటకు కాలము' వంటిదే. మన '-ఉటకు'లో ఉన్న 'కు' చేసే పనినే అక్కడ 'టు' చేసింది. బడిలో చెప్పే సమీకరణం ఈ మేరకు నిరాధారం కాదు.

సంస్కృతంలోని 'తుమున్' కథ వేరు. అది '-తు' ప్రత్యయాంత నామానికి ద్వితీయా విభక్తి రూపంగా పుట్టి అవ్యయంగా మారింది. వేదభాషలో చతుర్థీరూపాల్లో ఉండే తుమర్థకాలు చాలా ఉన్నాయి. లౌకిక సంస్కృతంలో '-తుమ్' ఒక్కటే నిలిచింది. ఈ వ్యాసానికి మరింత ముఖ్యమైన విషయం వేరొకటి. నామవాచకం తుమున్నంతాన్ని కోరడమనే అంశాన్ని పాణిని విడిగా గుర్తించాడు. అష్టాధ్యాయి మూడవ అధ్యాయం మూడవ పాదంలో కాల, సమయ, వేలా శబ్దాలు ఉపపదాలుగా ఉన్నప్పుడు ధాతువుకు తుమున్ వస్తుందని ఒక సూత్రమే చేశాడు. 'గంతుం సమయః' అంటే వెళ్ళే సమయం. ఇంగ్లీషు 'టైమ్ టు గో'కు ఇంతకంటె దగ్గరి పోలిక దొరకదు. ఏ నామాలు తుమున్నంతాన్ని తీసుకుంటాయో పట్టికగా చెప్పాలన్న ఆలోచన ఈ దేశంలో అంత పాతది.

3. తెలుగు తుమున్నర్థకం నిలిచిన చోట్లు:

తెలుగులో ధాతువుకు 'అన్' చేరగా చేయన్, పోవన్, చూడన్ వంటి రూపాలు ఏర్పడతాయి. తెలుగు వ్యాకరణ సంప్రదాయం సంస్కృత పరిభాషను అనుసరించి దీనిని తుమున్నర్థకమన్నది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) క్రియాపరిచ్ఛేదం తరువాతి తరాలకు ఈ పరిభాషను స్థిరపరచింది. నేటి వాడుకలో ఈ రూపం ఒంటరిగా తక్కువగా కనిపిస్తుంది. క్రియల లోపల మాత్రం అంతటా దాగి ఉంది. చేయవలె, చేయగలడు, చేయలేదు, చేయరాదు, చేయబోతున్నాడు – వీటన్నిటిలో 'చేయ' తుమున్నంతమే. 'వెళ్ళాలనే కోరిక' అన్నప్పుడు కూడా లోపల ఉన్నది 'వెళ్ళవలె' అనే కూర్పే. ఇంగ్లీషులో 'డిజైర్' వెంట నేరుగా నిలిచిన తుమున్నంతం తెలుగులో 'వలె', 'అను' అనే రెండు పొరల వెనక ఉంటుంది.

ఈ 'అనే' ముఖ్యమైనది. తెలుగు నామాలను విభజించే గీత ఇంగ్లీషు గీసిన చోట లేదు, వేరొక చోట ఉంది. మనసులో అనుకొనేవి, నోటితో చెప్పేవి – కోరిక, నిర్ణయం, ఆలోచన, ఆదేశం, పట్టుదల – 'అనే'ను కోరుతాయి. అనుకోవడంతో సంబంధం లేనివి – సమయం, హక్కు, అలవాటు, దారి, శక్తి – 'అనే' లేకుండా ధాతుజ విశేషణాన్ని తీసుకుంటాయి. 'వెళ్ళాలనే నిర్ణయం' సహజం, 'వెళ్ళాలనే అలవాటు' అసహజం. 'ప్రయత్నం' వంటి మాటలు రెండువైపులా తిరుగుతాయి. 'చేసే ప్రయత్నం'లో పని మొదలైంది. 'చేయాలనే ప్రయత్నం'లో ఉద్దేశం మీద ఊనిక ఉంది. 'చేయడానికి ప్రయత్నం' అన్నప్పుడు పని లక్ష్యంగా ఎదుట నిలుస్తుంది. ఇంగ్లీషు 'అటెంప్ట్' ఈ మూడింటినీ ఒకే రూపంలో చెబుతుంది. ఒక భాష చీల్చినచోట ఇంకొకటి కలపడం రెండు దిక్కులా జరుగుతున్నదే.

ఇక తుమున్నంతం నేరుగా నామాన్ని చేరే ప్రయోగాలు. ఇవి లేవని పాఠ్యగ్రంథాలు చదివినవారు అనుకునే వీలుంది. నిజానికి రోజూ వింటున్నవే: నమ్మశక్యం, చెప్పతరం, చూడముచ్చట, వినసొంపు, చెప్పనలవి. శక్యం, తరం, అలవి – ఇవన్నీ ఒక పని ఎంతవరకు సాధ్యమో కొలిచే మాటలు. ముచ్చట, సొంపు – ఒక పని వల్ల కలిగే అనుభవాన్ని చెప్పే మాటలు. వీటిని నిఘంటువులు సమాసాలుగా ఎక్కించుకోవడంతో పూర్వపదం తుమున్నంతమన్న సంగతి మరుగున పడింది.

అంతకంటె సజీవమైన మరో వర్గం ఉంది. 'తినను తిండి లేదు, కట్టను బట్ట లేదు, ఉండను ఇల్లు లేదు.' ఇక్కడ 'తినను' అనేది 'నేను తినను' అనే వ్యతిరేకక్రియ కాదు, 'తినన్' అనే తుమున్నంతానికి ఉకారం చేరిన రూపం. 'తిన తిండి, కట్ట బట్ట' అని ఉకారం లేకుండానూ అంటారు. 'రానూ పోనూ ఖర్చులు' అన్నదీ ఇదే. ఇంగ్లీషులో 'ఫుడ్ టు ఈట్', 'హౌస్ టు లివ్ ఇన్' అనే నిర్మాణానికి తెలుగులో అచ్చమైన జోడు ఇది. పదక్రమం మాత్రం తలకిందులు. ఇంగ్లీషులో నామం తరువాత తుమున్నంతం, తెలుగులో తుమున్నంతం తరువాత నామం. రెంటిలోనూ క్రియ నామానికి విశేషణమై, ఇంకా జరగని పనిని చెబుతుంది. ఈ ప్రయోగాలు ఎక్కువగా లేమిని చెప్పే వాక్యాల్లో మిగిలి ఉండడం గమనించదగినది. 'తాగను నీళ్ళు లేవు' అన్న మాట రాయలసీమలో ఎవరికీ వివరించనక్కరలేదు.

4. దత్తమండలం, తెలుగు వ్యాకరణాలు:

1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన దత్తమండలంలో కడప సీమ ఒక భాగం. రాయచోటి ఆ కడప జిల్లాలో తాలూకా కేంద్రంగా ఉండేది. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరు. రైతుతో, కరణంతో నేరుగా మాట్లాడక తప్పని రైత్వారీ పాలనకు దేశభాషలు వచ్చిన అధికారులు కావలసి వచ్చారు. 1812లో మద్రాసులో ఏర్పడిన సెంట్ జార్జి కోట కళాశాల ఆ అవసరం తీర్చడానికి పుట్టిందే. ఆ కళాశాల పాలకమండలికి కార్యదర్శిగా పనిచేసిన ఎ.డి. క్యాంబెల్ 1816లో తన తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించాడు. దక్షిణాది భాషలు సంస్కృతజన్యాలు కావని ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ప్రతిపాదించింది ఈ గ్రంథానికి రాసిన ప్రవేశికలోనే. అందువల్ల ఈ పుస్తకం భాషాశాస్త్ర చరిత్రలో నిలిచిపోయింది.

క్యాంబెల్ తరువాత బళ్ళారి కలెక్టరయ్యాడు. 1822లో మద్రాసు గవర్నరుగా మన్రో ఆదేశించిన విద్యా విచారణకు సమాధానంగా 1823లో అతడు పంపిన నివేదికలో 533 బడుల లెక్క ఉంది. వాటిలో కన్నడం బడులు 235, తెలుగు బడులు 226. ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటి. పిల్లలు పద్యాలు కంఠస్థం చేస్తున్నారు గాని అర్థం తెలుసుకోవడం లేదని అతడు ఆ నివేదికలో విచారపడ్డాడు. ఇది రాసినవాడు తెలుగు వ్యాకరణకర్త కూడా కావడం విశేషం. తరువాతి శతాబ్దంలో అదే సీమ పిల్లలు ఇంగ్లీషు వ్యాకరణ నియమాలను అదే పద్ధతిలో వల్లె వేశారు.

సి.పి. బ్రౌన్ 1820 ఆగస్టులో కడపలో ఉద్యోగంలో చేరాడు. 1822లో బందరుకు వెళ్ళి, రాజమండ్రి మీదుగా 1826లో మళ్ళీ కడపకు వచ్చాడు. కడపలో బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టుకొని, తాళపత్రాలకు ప్రతులు రాయించిన కథ తెలుగువారందరికీ తెలిసిందే. అతని వ్యాకరణం 1840లోను, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లోను వెలువడ్డాయి. మన విషయానికి నిఘంటువే ముఖ్యం. అందులో క్రియలకు ప్రధాన పదం చేయు, పోవు, తిను అని ఉకారాంత ధాతురూపంలో ఉంటుంది. అర్థం మాత్రం 'టు'తో మొదలయ్యే ఇంగ్లీషు తుమున్నంతంలో ఉంటుంది. నిఘంటు రచనకు ఇది అనుకూలమైన పద్ధతే, బ్రౌన్‌ను తప్పుపట్టవలసింది లేదు. కాని ఫలితం ఒకటుంది. వ్యాకరణంలో 'చేయ' అనే రూపానికి తుమున్నంతమన్న పేరు. నిఘంటువులో 'టు'కు జోడు 'చేయు'. తరువాతి బడిపుస్తకాల్లో ఆ స్థానంలోకి 'చేయుట' వచ్చింది. ఇలా ఇంగ్లీషు తుమున్నంతానికి తెలుగులో మూడు జోళ్ళు తయారయ్యాయి. అసలైన 'చేయన్' వాటిలో వెనకబడింది.

బందరు మిషనరీ ఎ.హెచ్. ఆర్డెన్ 1873లో ప్రచురించిన వ్యాకరణం వాడుకభాషను ముందు చెప్పి, గ్రాంథిక విశేషాలను తరువాత ఉంచింది. ఈ క్రమం అతని కాలానికి సాహసమే. అయితే క్యాంబెల్, బ్రౌన్, ఆర్డెన్ – ముగ్గురి చూపూ ఒకే దిశలో ఉంది. ఇంగ్లీషువాడికి తెలుగు నేర్పడం వారి పని. తెలుగు బిడ్డకు ఇంగ్లీషు నేర్పేటప్పుడు ఈ సామగ్రిని తిరగేసి చూడవలసింది. ఆ అవసరం వచ్చిన నాటికి బడుల్లోకి వేరే పుస్తకాలు వచ్చాయి.

5. బడి వ్యాకరణం:

ఉత్తరాదిన విద్యాశాఖలో పనిచేసిన జె.సి. నెస్‌ఫీల్డ్ 19వ శతాబ్ది చివర రాసిన వ్యాకరణాలు భారతదేశమంతటా చెలామణి అయ్యాయి. 1930లలో రెన్, మార్టిన్‌ల పుస్తకం ఆ స్థానాన్ని ఆక్రమించింది. రాయలసీమలో నేటికీ ఇంగ్లీషు వ్యాకరణమంటే చాలామందికి గుర్తుకొచ్చేది ఆ పుస్తకమే. ఈ సంప్రదాయం తుమున్నంతాన్ని రెండుగా విభజించింది. కర్తగా, కర్మగా నిలిచి నామం పని చేసేది ఒకటి. క్రియకో, విశేషణానికో, నామానికో విశేషణంగా నిలిచేది రెండవది. నామం వెంట వచ్చే తుమున్నంతం ఈ రెండవ వర్గంలో ఒక ఉపవిభాగంగా, ఒకటి రెండు ఉదాహరణలతో ముగుస్తుంది. ఏ నామాలు 'టు'ను తీసుకుంటాయి, ఏవి తీసుకోవు అన్న ప్రశ్న అక్కడ లేదు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ఆ ప్రశ్న అవసరం లేదు కూడా. చెవి చెబుతుంది. ఇంగ్లీషు వినిపించని ఊరిలో చదువుకొనే పిల్లవాడికి కావలసింది మాత్రం సరిగ్గా ఆ పట్టికే.

దీనికి తోడు తెలుగు వైపు నుంచి మరో దూరం. పాఠ్యపుస్తకంలో 'పోవుటకు', తరువాతి కాలంలో 'వెళ్ళడానికి'. ఇంట్లో కడప జిల్లా పిల్లవాడు అనేది 'పొయ్యేదానికి'. కర్నూలు, అనంతపురం వైపు 'పొయ్యేకి'. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావులు బడిభాషకూ ఇంటిభాషకూ ఉన్న అగాధాన్ని గురించి వాదించినప్పుడు వారి ఎదుట ఎక్కువగా ఉన్నది ఉత్తరాంధ్ర, కోస్తా వ్యవహారం. 'పొయ్యేకి' ఆ వాదంలోనూ అంచున ఉండిపోయింది. ఫలితంగా రాయలసీమ విద్యార్థి ఇంగ్లీషు 'టు'ను చేరడానికి రెండు మెట్లు ఎక్కాలి. 'పొయ్యేదానికి' నుంచి 'వెళ్ళడానికి' మొదటి మెట్టు. అక్కడి నుంచి 'టు గో' రెండవది.

6. రాయచోటి: రెండు ఇంటిభాషలు:

మాండవ్య నది ఒడ్డున వీరభద్రస్వామి ఆలయంతో ప్రసిద్ధమైన రాయచోటిలో తెలుగుతో పాటు ఉర్దూ ఇంటిభాషగా గల కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లలకు ఇంటిభాషలు వేరైనా ఈ విషయంలో ఇబ్బంది ఒకటే. ఉర్దూలో 'జానే కా వఖ్త్', 'బోల్నే కా హఖ్', 'పీనే కీ ఆదత్' అంటారు. తుమున్నంతానికి షష్ఠీవిభక్తి చేర్చి నామం ముందు ఉంచడం పద్ధతి. వెళ్ళే సమయం, మాట్లాడే హక్కు, తాగే అలవాటు – తెలుగులో లాగే ఇక్కడా సమయానికీ హక్కుకూ అలవాటుకూ రూపభేదం లేదు. ద్రావిడ కుటుంబానికి చెందిన భాష, ఇండో–ఆర్యన్ కుటుంబానికి చెందిన భాష ఒకవైపు నిలిచాయి. ఉర్దూకు దూరపు చుట్టమైన ఇంగ్లీషు మరోవైపు నిలిచింది. కుటుంబసంబంధం కంటె పదక్రమం బలమైనదనిపిస్తుంది. క్రియను నామం ముందు ఉంచే భాషలు రెండూ ఒకే దారి పట్టాయి.

పోలిక ఇంతటితో ఆగదు. 'తినను తిండి లేదు, తాగను నీళ్ళు లేవు' అన్న తెలుగు పలుకుబడికి దక్కనీలో 'ఖానే కూ ఖానా నై, పీనే కూ పానీ నై' అచ్చమైన జోడు. ఇక్కడి 'కూ' చతుర్థీ విభక్తి. అంటే 'పీనే కూ పానీ', 'తాగేదానికి నీళ్ళు', 'వాటర్ టు డ్రింక్' – మూడింటిలోనూ క్రియకు చతుర్థి తగిలి, అది నామాన్ని విశేషిస్తున్నది. ఇంగ్లీషు పాఠం ఇక్కడ మొదలుపెట్టవచ్చు. ఇంకా జరగవలసిన పనికి సంబంధించిన నామమైతే, ఆ పనిని '-దానికి'తో చెప్పగలిగితే, ఇంగ్లీషులో 'టు' తగులుతుందేమో చూడాలి. 'పొయ్యేదానికి టైము', 'మాట్లాడేదానికి హక్కు', 'చదివేదానికి పుస్తకం' అనవచ్చు. 'పొగతాగేదానికి అలవాటు', 'పడేదానికి ప్రమాదం' అనలేము. 'హ్యాబిట్', 'రిస్క్' అనేవి 'టు'ను నిరాకరించడం కూడా ఇక్కడే తేలిపోతుంది. ధాతుజ విశేషణం కప్పిపెట్టిన భేదాన్ని మాండలిక రూపం బయటపెడుతున్నది. ఈ పరీక్ష అన్నిచోట్లా పనిచేయదు. కోరిక, నిర్ణయం వంటి 'అనే' వర్గానికి వేరే గుర్తు కావాలి. 'ఐడియా' వంటి మాట 'అనే' వర్గంలో చేరుతూ కూడా ఇంగ్లీషులో తరచు 'ఆఫ్' కోరుతుంది. అయినా తరగతి గదిలో సగం దారి నడిపించే పరీక్ష ఇది.

7. అవకాశం, హక్కు:

'అవకాశం' అనే మాట గురించి ఒక మాట. వర్షం పడే అవకాశం, ఉద్యోగం చేసే అవకాశం – పత్రికల్లో రెండూ నిత్యం చూస్తాం. ఇంగ్లీషు 'ఛాన్స్' తన తరువాతి రూపంతో చేసే అర్థభేదాన్ని తెలుగు 'అవకాశం' చేయలేదు. వీలు అన్న అర్థంలో ఉన్న మాటను సంభావ్యత దాకా సాగదీయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ప్రమాదం జరిగే 'అవకాశం' ఉందని చదివినప్పుడు చెవికి ఎబ్బెట్టుగా తగలడానికి కారణమూ ఇదే. 'వాన వచ్చేట్టుంది' అనే రైతుకు ఈ చిక్కు లేదు. అతడు వీలునూ అంచనానూ ఎప్పుడూ కలపలేదు.

'హక్కు' విషయంలో చిక్కు ఇంగ్లీషు వైపు ఉంది. 'రైట్ టు ఇన్ఫర్మేషన్'లోని 'టు' తుమున్నంతపు గుర్తు కాదు, విభక్త్యవ్యయం. దాని తరువాత ఉన్నది నామం. 2005 చట్టాన్ని 'సమాచార హక్కు' అని, 2009 చట్టాన్ని 'విద్యాహక్కు' అని తెలుగు సమాసాలు చేసి ఈ తేడాను సరిగ్గానే పట్టుకున్నది. 'రైట్ టు వర్క్' దగ్గర మాత్రం ఇంగ్లీషే తేల్చదు. 'వర్క్' నామమూ కావచ్చు, క్రియా కావచ్చు. రాజ్యాంగం 41వ అధికరణం ఈ హక్కును విద్య, ప్రభుత్వ సహాయం అనే నామాల పక్కన చెప్పింది కాబట్టి నామంగానే చదవాలి. అంటే ప్రభుత్వం పని చూపాలన్న అర్థం వస్తుంది. క్రియగా చదివితే, పనిచేయబోయేవాడిని ఎవరూ అడ్డుకోరాదన్నంత వరకే అర్థం. ఒకటి ప్రభుత్వం మీద బాధ్యత, రెండవది ఇతరుల మీద నిషేధం.

తెలుగులో ఈ సందిగ్ధతను అట్టే ఉంచడం సాధ్యం కాదు. నామంగా తీసుకొని 'పని హక్కు' అంటే కృతకంగా ఉంటుంది. ధాతుజ విశేషణం పెట్టాలంటే ఏ క్రియో తేల్చుకోవాలి. 'పనిచేసే హక్కు' అని రాసిన అనువాదకుడు రెండవ అర్థాన్ని ఎన్నుకున్నట్టు. 'పని పొందే హక్కు' అని రాసినవాడు మొదటిదాన్ని ఎన్నుకున్నట్టు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన గ్రామీణ ఉపాధి పథకానికి తెలుగులో 'హామీ' అనే మాట స్థిరపడడంతో ఈ ఎంపిక తప్పిపోయింది. హామీ ఇచ్చేవాడు ఆ మాటలోనే ఉన్నాడు. పథకం నియమాల ప్రకారం కూలి ముందుగా పని కోరాలి, కోరిన 15 రోజుల్లో పని చూపాలి. కాబట్టి సీమ పల్లెల్లో ఇప్పటికీ 'కరువు పని' అని పిలిచే ఆ పనికి సంబంధించినంత వరకు, తెలుగులో సరిపోయే ధాతుజ విశేషణం 'చేసే' గాని 'పొందే' గాని కాదు. అది 'పని అడిగే హక్కు'.